వెంట్రుకవాసి

పడవలు కట్టే మనిషిని
ఒక పెట్టె చేసిపెట్టమని అడిగాను.
"ఎంతమంది ఎక్కుతారు?" అన్నాడు మెర్విన్.
ఎవరూ ఎక్కరు. ఒక గాజు పలక, అంతే.

హ్యూన్ నది ఒడ్డున, ఫ్రాంక్లిన్‌లో, అతని షెడ్డు.
జూలై చలికి జిగురు పట్టదు;
డబ్బాని పొయ్యి పక్కన కూచోబెడతాడు, పిల్లిని కూచోబెట్టినట్టు.
ముందు హ్యూన్ పైన్ తీశాడు, వెన్నరంగు ముక్క,
చిత్రిక పడితే షెడ్డంతా వాసన.
వద్దన్నాను. ఆ వాసనే గాజు మీది పూతని మసకబారుస్తుంది.
అలిగాడు. అరవై ఏళ్లలో
ఆ చెక్కని కాదన్న మొదటి మనిషిని నేనేనట.

సరే, బ్లాక్‌వుడ్.
పలక ఆనడానికి మూలమూలకీ వెండి తీగ,
తడి పలక నుంచి కారే మందు చెక్కని తినేస్తుంది మరి,
నా వేళ్లని తిన్నట్టే.
ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంటే
ఈ నల్లమచ్చలేమిటంటారు రోగులు.
గోరింటాకు అంటాను. నమ్ముతారు.

జారుమూత దూరే సందుకి నల్ల మఖమలు.
"నీళ్లయితే చప్పుడు చేస్తాయి,
ఇది దొంగపిల్లి" అని వెలుతురుని తిట్టుకుంటూ
రెండుసార్లు విప్పి అంటించాడు.
ఎండలో అటూ ఇటూ తిప్పాం.
చుక్క కారలేదు.

ఇక అతన్నే కూచోబెట్టాను,
పక్కటెముకల దాకా లేచిన పడవ ముందు,
చేతులు మోకాళ్ల మీద.
ఎనిమిది సెకన్లు.
గాలి ఆగలేదు గాని అతను ఆగాడు.

నీళ్లలో పొర కరిగి బొమ్మ తేలింది.
ముఖం పొగ. కళ్లు రెండు తడి మరకలు.
చేతులు మాత్రం,
గోళ్ల సందుల్లో జిగురు, ఉలి కొరికిన చూపుడువేలు,
ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.

తప్పు నాదే.
కెమెరా గరుకుగాజు లోతు ఒకటి,
మా పెట్టెలో పలక కూచున్న లోతు ఇంకొకటి.
రెండు మిల్లీమీటర్లు వెనక్కి తగ్గింది గాజు,
జానెడు ముందుకి జారింది చూపు.

మెర్విన్ పలకని కిటికీకెత్తి చూశాడు, చాలాసేపు.
"మోరీన్ అయితే దీన్లోనే గుర్తుపట్టేది నన్ను.
బల్ల దగ్గర ఈ చేతుల్నే తిట్టేది."

తర్వాత తీగలు పీకి, అంచుని
వెంట్రుకవాసి చొప్పున గీస్తూ పోయాడు,
నేను కొలుస్తూ, చాలదంటూ, ఇంకొంచెమంటూ.
చీకటి పడింది.
మూత వేసేముందు లోపల,
వెలుతురు ఎప్పటికీ చేరని మూల,
పెన్సిల్‌తో నలభై మూడు అని రాశాడు.

ముందు నలభై రెండూ పడవలే.