బొటనవేలు

నలభై రెండు నిమిషాలు.
అబద్ధమెందుకు, గడియారం మూడుసార్లు చూసిన.
హన్మకొండ హాల్ల ఏసీ
మెడ మీద సల్లటి చెయ్యేసినట్టున్నది.
స్టేజి మీద మా అక్క బిడ్డ సింధూజ,
ఒక లాప్‌టాపు, నేనిచ్చిన పాత క్లారినెట్టు,
చుట్టూ నాలుగు స్పీకర్లు.

కొత్తవాడల ఇంకా మిగిలిన మగ్గాల కాడికి
నెలరోజులు తిరిగి చప్పుడు పట్టుకొచ్చిందట.
జంపఖానా నేసే చప్పుడు:
నాడె ఇటు, నాడె అటు,
పలక గుద్దుడు, తొక్కుడు కర్ర మూలుగుడు.
దాన్ని ఏడుగ ఇరిచింది,
ఏడును మళ్ల మూడున్నరగ.
కాజీపేట యార్డుల గూడ్సు డబ్బాలు
ఒకదాన్నొకటి తాకుకుంట పోయినట్టు
తాళం ఆ చివరిదాక జరిగిపోయింది.
పల్లవి కోసం ఎదురు చూసినోళ్లు
ఎదురు చూస్తనే ఉన్నరు.

క్లారినెట్టును శానాసేపు ఊదనే లేదు.
మీటలను ఉట్టిగ టకటకమనిపించింది.
గొట్టంల ఊపిరి మాత్రం పోనిచ్చింది,
ముసలోడు మెట్లెక్కినట్టు.
ఆఖరుకు ఒక్కసారి ఊదింది.
ఒక్క రీడుల రెండు స్వరాలు!
ముప్పై ఆరేండ్ల సంది బారాత్‌లల్ల
బుగ్గలు పగలంగ ఊదిన నేను
నా రీడుల ఇంకో గొంతు దాగున్నదని
ఎరుగనే ఎరుగ.

లేచి నిలవడి చప్పట్లు కొట్టిన.
అందరికంటె ముందు కొట్టిన.
అది నటన కాదు.
నటన రాని బొటనవేలు మాత్రం
చెప్పుల పండుకునే ఉన్నది.

బయట చాయ్ తాగుకుంట అడిగింది:
"మామా, నచ్చిందా?"
"మెచ్చిన బిడ్డా" అన్న.
నవ్వింది. "నేనడిగింది గది కాదు."
ఒక్క అక్షరమే తేడా.
ఆ అక్షరం కాడ నా నాలుక
గేటు పడ్డ కాడ స్కూటరోలె ఆగిపోయింది.

హంటర్ రోడ్డు మీద ఇంటికొస్తాంటె
ఫంక్షన్ హాలు ముంగట బారాత్.
ఎవని బ్యాండో.
ట్రంపెటోడు శ్రుతికి జానెడు దూరం,
డోలు పగిలిన కుండ.
బండి ఆపిన.
బ్రేకు మీది కాలుకు బొటనవేలు లేసింది,
తాళమేసింది. సిగ్గులేదు దానికి.
మూడు పాటలైనంక గానీ నన్ను కదలనియ్యలే.

యాకయ్య మాస్టర్ యాదికొచ్చిండు.
నాకు పందొమ్మిదేండ్లప్పుడు, శివనగర్ల,
ఎదురుకోళ్ల కాడ ఎప్పుడు వాయించే మట్టు ఇడిసి
సొంతంగ ఒకటి అల్లి వాయించిన.
మొత్తం విన్నడు.
"మంచిగున్నదిరా, ఎవలు చెయ్యలే గిట్ల" అన్నడు.
బీడీ ముట్టించుకొని గోడ అవతలికి పోయి
ఆ పాత మట్టునే ముక్కుతోని తీసుకుంట నిలవడ్డడు.
కుళ్లుకున్నడనుకున్న. ఏండ్లకేండ్లు గట్లనే అనుకున్న.
ఆ బీడీ ఇప్పుడు సమజైతాంది.

రాత్రి, పిల్ల పంపిన ఫైలు మళ్ల పెట్టుకున్న.
పదిహేడో నిమిషంల ఒక మగ్గం ఆగుతది.
ఆగినట్టు తెల్వది, తక్కినవి నడుస్తనే ఉంటయి.
కొంచెంసేపటికి చెవి ఎతుకుతది:
ఏదో తక్కువైంది, ఏంది? ఎవలు?
గా జాగను నాలుగుసార్లు విన్న.
నచ్చిందా అంటె, ఇప్పటికీ లేదు.
నచ్చనిదాన్ని నాలుగుసార్లు వినుడును ఏమంటరో
మా బ్యాండోళ్ల భాషల మాట లేదు.

పొద్దున రీడుల డబ్బి తీసిన.
నాలుగే ఉన్నయి.
కిటికీల ఎండకు పట్టి చూసిన ఒక్కొక్కటి.
నార సక్కగున్నది, కొస అరగనిది
ఒక్కటి దొరికింది.
కాయితంల చుట్టి
దాని మీద సింధూజ పేరు రాసిన.
రెండో రకంది నాకు.
ఆదివారం నర్సంపేటల బారాత్ ఉన్నది.