ఏ వరుసలోనూ లేని రాత్రి

పొద్దున తొమ్మిదింటికి రేడియోలో
వార్తలు, వాతావరణం, ఆ తర్వాత చావులు.
టీ కప్పు పక్కన పెన్సిల్ పట్టుకుని రాసుకుంటాను,
ఏ పేరు, ఏ ఊరు, ఏ చర్చి, ఎన్నింటికి.
మా మెంబరు ఫెర్గస్ లవెల్ వెళ్లాల్సిన ఇళ్లు.
పందొమ్మిదేళ్లుగా నా ఉద్యోగంలో సగం ఇదే.

మిగతా సగం శనివారాలు.
మల్డూన్ బార్ వెనక గదిలో, బాణాల బోర్డు కింద,
గొడుగులు కారుతుండగా వరసగా కూర్చుంటారు.
పింఛను ఆగినవాడు, పాస్‌పోర్టు రానివాడు,
రోడ్డు మీది గుంతని అడుగులతో కొలిచి వచ్చినవాడు,
బురదనేలలో పీటు కోసుకునే హక్కు
తాతలనాటిదని నలిగిన కాగితం తెచ్చిన ముసలమ్మ.
ఆయన ప్రతి చేతినీ తన రెండు చేతుల మధ్య పెట్టుకుంటాడు.
కుక్కని పేరు పెట్టి మరీ అడుగుతాడు.
కుక్క పేరు ముందే చీటీ మీద రాసిచ్చేది నేను.

డబ్లిన్ ఇక్కడికి నాలుగు గంటలు.
అక్కడ ఓట్లు రెండు వరుసల్లో అచ్చవుతాయి:
తా, నీల్.
మా పాత భాషలో అవునూ లేదు, కాదూ లేదు.
తా అంటే ఉంది. నీల్ అంటే లేదు.
ఏ మాటతో అడిగితే ఆ మాటే
చిల్లర తిరిగిచ్చినట్టు ఇస్తాం.
తిన్నావా? తిన్నాను.
వానేనా? వానే.

ఫిబ్రవరిలో ఒక శనివారం అట్రాక్టా గాహన్ వచ్చింది.
గొర్రెల వాసన వేసే కోటు.
సంచిలో, లైబ్రరీ పిల్లాడి చేత తీయించిన నలభై ఒక్క పేజీలు.
అడగడానికేమీ రాలేదంది.
కూర్చుని, వేలు పెట్టి చదివింది.
పడవల డీజిల్ మీద పన్ను: తా.
చిన్న పోస్టాఫీసులు మూసే బిల్లు: తా.
"దాని మీద ఇక్కడ ఊరేగింపు తీస్తే
ముందు నడిచింది మీరే కదా," అంది,
కోపం లేకుండా, పాలలెక్క చూసే గొంతుతో.
ఆయన నవ్వాడు. పార్టీ మాట అన్నాడు,
కూటమి మర్యాద అన్నాడు,
నీకు తెలీనిదేముంది అట్రాక్టా అన్నాడు.

ముప్పయ్యారో పేజీలో వేలు ఆగింది.
రాత్రిపూట అంబులెన్సు తీసేసిన ఓటు.
"తా వరుసలో మీరు లేరు.
నీల్ వరుసలోనూ లేరు."

గదిలో ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడుతోంది.
"మీ ఇంట్లో ఉన్నాను," అన్నాడు ఆయన మెల్లగా.
"మార్టిన్ దగ్గర."

నిజమే. కారు నడిపింది నేనే.
కిటికీ తెరిచి ఉంది, అద్దం మీద దుప్పటి కప్పి ఉంది.
శాండ్‌విచ్‌ల పళ్లెం మూడుసార్లు తిరిగింది.
అక్కడ సభలో గంట మోగే వేళకి
ఇక్కడ ఆయన శవం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు.
మర్నాడు పెట్టె మోసినప్పుడు
ముందు ఎడమ భుజం ఆయనదే.

"తెలుసు," అంది అట్రాక్టా.
"మూడేళ్లుగా నేనే ఊరందరికీ చెప్పుకున్నాను,
పనులన్నీ వదులుకుని మార్టిన్ కోసం వచ్చాడని."
కాగితాలు మడిచి నా వైపు తిరిగింది.
"మార్టిన్ కోసమే వచ్చాడా?"

ఆ రోజు పొద్దున పదింటికి ఫోను మోగింది.
డబ్లిన్ నుంచి, గుసగుసగా:
ఈ రాత్రికి మన వైపు చావేదైనా ఉందా?
పెన్సిల్ చీటీ చూశాను.
గాహన్, మార్టిన్. ఇంటి దగ్గరే, సాయంత్రం అయిదు నుంచి.
తా, అన్నాను.
నా జీవితంలో నేను వేసిన ఓటు అదొక్కటే లెక్కకొచ్చింది.

"వచ్చాడు," అన్నాను అట్రాక్టాతో.

ఆ మాటకి మిగతా సగం కోసం కాబోలు
ఆమె ఇంకాసేపు అలాగే కూర్చుంది.
ఆయన తలుపు వైపు చూసి తర్వాత ఎవరన్నాడు.
వెళ్తూ గొడుగు మరిచిపోయింది.
నల్లది, ఒక పుల్ల విరిగింది.
ఇచ్చొద్దామని రెండుసార్లు బయల్దేరాను.
ఇంకా నా దగ్గరే ఉంది.