నాలుగో మెషీను

మా వార్డులో టీవీ గోడకి కాస్త వంకరగా ఉంటుంది.
తుఫాను వచ్చిన ఏడు ఊడిపడితే
మళ్ళీ బిగించిన కుర్రాడు ఒక మేకు తక్కువ కొట్టాడు.
అందుకే సోంపేటలో
రాత్రి తొమ్మిదింటి సీరియల్లో ఆస్పత్రి
ఎప్పుడూ సముద్రం వైపు ఒరిగి ఉంటుంది.

అందులో డాక్టరుగారి కోటు మీద
ఏ రోజూ మరక చూళ్ళేదు.
ఈ వారమంతా ఆయన దగ్గర ఒకటే కిడ్నీ,
మంచాల మీద ఇద్దరు.
ఒకడు పదేళ్ళ పిల్లాడు,
ఇంకొకాయన ఆ ఆస్పత్రికి స్థలమిచ్చిన పెద్దమనిషి.
సోమవారం డాక్టరు కిటికీలోంచి చూశాడు.
మంగళవారం వానలో తడిశాడు.
బుధవారం ముగ్గురి మొహాలూ మూడేసి సార్లు, ఉరుముతో సహా.

"ఇన్నాళ్ళు దాసీడానికి అదేటి, ఎండు సేపా?
పాడైపోదేటి?" అంటాడు కూర్మారావు.
వార్డంతా నవ్వుతుంది.
ఇక్కడ నవ్వినా
ఒక చెయ్యి నవ్వకూడదు.

నేను టెక్నీషియన్ని. నిర్ణయాలు నా పనిలో లేవు.
గొట్టాలు కడగడం, బరువు రాయడం,
సూది పెట్టే ముందు చేతి మీద చెవి ఆనించి
లోపల నెత్తురు గుర్రుమంటోందా అని వినడం.
నీళ్ళు పరీక్ష చెయ్యడం కూడా.
వీళ్ళు ఏ నీళ్ళు తాగి ఇలా అయ్యారో
అసలు నీళ్ళ వల్లే అయ్యారో
ఇంతవరకూ నాకెవరూ తేల్చి చెప్పలేదు.
వీళ్ళ రక్తం కడిగే నీళ్ళని మాత్రం
రోజూ పొద్దున్నే అనుమానిస్తాను.

గురువారం నాలుగో మెషీను ఎర్రదీపం వేసి మొరాయించింది.
ఇంజనీరు విశాఖపట్నంలో. ఎత్తడు.
డాక్టరుగారు టెక్కలిలో.
"నువ్వే చూసుకోమ్మా" అన్నారు.
చూసుకో.
ఇంత చిన్న మాటలో ఎంతమందిని కుక్కొచ్చో
ఆ రాత్రి తెలిసింది.

ఆఖరి షిఫ్టుకి ఒక మెషీను, రెండు పేర్లు.
ఢిల్లేశు, ముప్పై నాలుగు, ఆటో.
కవిటి రోడ్డులో పెళ్ళి బేరం తగిలిందని సోమవారం ఎగ్గొట్టాడు.
ఇప్పుడు కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు.
తవిటమ్మ, అరవై ఒకటి.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ
ఏ యంత్రం మీదా వేలిముద్ర పడని మనిషి.
మూడేళ్ళలో ఒక్క షిఫ్టు తప్పలేదు.

వయసు చూడాలా, వరస చూడాలా, వాపు చూడాలా?
తప్పు చేసినవాడి ప్రాణం
తప్పు చెయ్యనిదాని ప్రాణం కంటే
ముందు ఎందుకు తొందరపడాలి?
టీవీలో డాక్టరుకి ఇలాంటప్పుడు వెనక వయొలిన్ ఉంటుంది.
నాకు నీళ్ళ మోటారు.

తవిటమ్మ బల్ల మీంచి లేచింది.
"నాకేటి కాదు. ఈ మూడ్రోజులూ గలాసుడు నీల్లే తాగినాను.
ఆ గుంటడికి ఎట్టు. నాను రేపొస్తాను."
బరువు చూద్దాం రా అన్నాను.
చెప్పులు విప్పి, సంచీ నా చేతికిచ్చి
ఊపిరి కూడా బయటే వదిలేసినట్టు మెల్లగా ఎక్కింది.
ముల్లు మూడు కిలోలు ఎక్కువ చెప్పింది.
ముల్లుకి మర్యాద తెలీదు.
ఆవిడ అంకె చూడలేదు, నా మొహం చూసింది.

రిజిస్టరులో ఆ గడి ఇప్పటికీ ఉంది.
ఏం రాశానో మీకు చెప్పను.

తొమ్మిదింపావుకి కరెంటు పోయింది.
జనరేటరు మెషీన్లని తిప్పింది, టీవీని తిప్పలేదు.
ఢిల్లేశు నాలుగు గంటలూ గోడ వైపే మొహం పెట్టి పడుకున్నాడు.
అతని పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.
ఎవరూ దానిమీద సంచీ అయినా పెట్టలేదు.

మర్నాడు మొదటి బస్సుకే దిగింది తవిటమ్మ.
గేటు నుంచి మంచం దాకా
మూడుచోట్ల ఆగి వచ్చింది.
చెయ్యి చాపి అడిగింది:
"రేత్తిరి ఆ కిడ్నీ ఎవులికిచ్చినాడే?"
"ఇంకోటి దొరికిందంట" అన్నాను. "ఇద్దరికీ."
కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుంది.
"అబద్దం," అంది. "నువ్వూ సూళ్ళేదు."

ఆవిడ చేతి మీద చెవి ఆనించాను.
గుర్రుమంటూనే ఉంది.