పంగలముల్లు

నర్సాపురం కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో
పదకొండేళ్లుగా అటెండర్ని.
కప్పని వెల్లకిలా పడుకోబెట్టడం వచ్చు,
బొద్దింకకి సూది గుచ్చడం వచ్చు.
ఆ ఏడు ప్రాక్టికల్సుకి
పులస అస్థిపంజరం కట్టమన్నారు.

కొనడానికి డబ్బు ఇవ్వలేదు.
ఐసు కరిగి మెత్తబడ్డ చేపనొకదాన్ని
కాసులమ్మ ఊరికే ఇచ్చింది.
ఉడకబెట్టాను.
కండ ముల్లుని వదిలింది, బాగానే ఉంది,
ముల్లు ముల్లునీ వదిలేసింది.
పళ్లెం నిండా తెల్లటి గడ్డిపరకలు.
గోడమీది చార్టులో చేప మాత్రం
కొత్త దువ్వెనలా ఇకిలిస్తోంది.

మూడు రాత్రులు మీనమేషాలు లెక్కపెట్టి
నాలుగోనాడు ముళ్లన్నీ చేటలో పోసుకుని
వశిష్ఠ గట్టున చేపల బజారుకి వెళ్లాను.

చెక్కిలి మీద ఆరిపోయిన పొలుసుతో
కత్తిపీట ముందు కాసులమ్మ.
"పులుసులో ముల్లేరుకునేవోళ్లని సూశాను గానీ
ఏరినయ్యి మళ్లీ సేపని సేత్తానన్నోణ్ణి
నిన్నే సూత్తన్నాను బాబూ."

గోనె పరిచింది.
కళ్లు సఖినేటిపల్లి నుంచి వస్తున్న పంటు మీద,
వేళ్లు చేటలో.

"ఇది నడిముల్లు, ఇంటి దూలం.
గణుపు గణుపుకీ పైకో సూది.
ఆ సందులోంచే నరం పోద్ది.
తోకవైపు కిందకీ ఓ సూది, అది నెత్తురు దారి.
కత్తి ఎక్కడ ఆగిందో
సేతికి తెలిసిపోద్ది."

పక్కటెముకలు బుట్ట అల్లినట్టు వంచింది.
పొట్ట అంచున రంపప్పళ్లు వరసగా పేర్చి
"ఇయ్యి ముళ్లు కావు, గట్టిపడ్డ పొలుసులు" అంది.
వీపు మీది వాజాన్ని నేను తెరచాప అన్నాను.
"గాలెక్కడుంది నీళ్లలో?
పడవకి అడుగుబద్ద కిందుంటది, దీనికి పైనుంటది.
దొర్లిపోకుండా."
చెంపల పక్క వాజాలు ఆగడానికట.
తోక సంగతి అడిగితే
ఇంజనూ చుక్కానీ ఒకటే అయిన పడవ
మీ కాలేజీలో ఉందా అంది.

చివరికి చేటలో మిగిలినవి
రెండుగా చీలిన సన్నటి ముళ్లు,
పిట్టల్ని కొట్టే పంగలకర్రల్లాంటివి, గుప్పెడు.
"ఇయ్యి దేనికీ అతుక్కోవు.
కండలో పుడతయ్యి, కండలోనే ఉంటయ్యి,
సుట్టాలెవరూ లేరు.
సముద్రంలో పొలస,
ఎర్రనీరు తగిలాక పులస.
ఆ ఎర్రనీటికి ఎదురెక్కేది కండ.
కండకి కర్రసాయం ఇయ్యే."

జేబులోంచి లెన్సు తీసి
ఆమె చెక్కిలి మీది పొలుసే గిల్లి, కింద పెట్టాను.
వలయంలో వలయం, వలయంలో వలయం.
మేత దొరికిన నెలలు ఎడం ఎడంగా,
దొరకని నెలలు ఒత్తొత్తుగా.
చాలాసేపు చూసింది.
బేరానికొచ్చిన మనిషి విసుక్కుని వెళ్లిపోయాడు.
"ఇన్నాళ్లూ గీకి పారేశాను" అంది.

ఎడం వైపు ఒక పంగలముల్లు తక్కువైంది.
గోనె దులిపాం, చేట దులిపాం.
బొటనవేలి మొదట్లో నల్లమచ్చ చూపించింది:
"నా ఒంట్లో ఒకటెక్కువుంది.
జెల్ల పొడిసింది, ఇరిగి లోనుండిపోయింది.
ముసురు పట్టినప్పుడల్లా ఈదతాది.
ఇత్తును గానీ, దీనికి సరిపడదు."

కొబ్బరి చీపురుపుల్ల చీల్చి, చివర చెక్కి
ఖాళీలో అతికించాను.
రెండడుగుల దూరం నుంచి
నాకే తేడా తెలియలేదు.

పరీక్షనాడు ఎక్స్‌టర్నల్ సారు
సరిగ్గా ఆ చోటే సూది ఆనించి అడిగాడు, ఏమిటిది?
పెదమైనవానిలంక పిల్ల, తిరుమాని హైమ,
వంగి చూసింది, వాసన కూడా చూసింది.
"ఇవన్నీ పంగలముళ్లు సార్.
మీ సూది కింద ఉన్నది మాత్రం చీపురుపుల్ల."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
మార్కులెన్ని వేశాడో నాకు తెలియదు.
బయట ముసురు పట్టింది.
సీసాలు కడగాలని చెప్పి
కుళాయి దగ్గరికి వెళ్లిపోయాను.