చేవ

నవంబరులో మాకు మధ్యాహ్నం మూడింటికే పొద్దు గుంకుతుంది.
కైనూ అడవుల నడుమ, సరస్సు ఒడ్డున, రేకుల షెడ్డులో
గదంత కొలిమి ఒకటి ఉంది.
దాన్ని వెలిగించడం, ఆర్పడం, ఊడ్చడం నా పని.

ఇవాళ దాని నోటికి ఒక గోడను తలుపులా బిగించాం:
స్ప్రూస్ పలకలు, ఐదు వరసలు,
ఒకటి నిలువు, ఒకటి అడ్డం, మళ్ళీ నిలువు,
జిగురు పూసి అదిమితే
రెండు వందల మిల్లీమీటర్ల మందం.
ఇలాంటి గోడలతోనే ఊళ్ళో ఎనిమిదంతస్తులు లేస్తాయట.

"కట్టెతో ఎనిమిదంతస్తులా?
కొరివితో తల గోక్కోవడమే" అన్నాడు తౌనో.
డెబ్బై తొమ్మిదేళ్ళ వడ్రంగి. పిలవకుండానే వచ్చాడు.
ఏడేళ్ళప్పుడు వాళ్ళ ఇల్లు కాలింది;
ఆ రాత్రి మంచులో వట్టికాళ్ళతో నిలబడ్డ సంగతి
ఎవరికీ పూర్తిగా చెప్పడు.
ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు, అంతే.

హిల్కా వాదించలేదు. కుర్చీ చూపించింది.
వసంతంలో ఆమె తొలి గోడ
అరవై రెండో నిమిషంలో ఓడిపోయింది.
జిగురు వేడికి మెత్తబడి పై వరసను విడిచేసింది;
నల్లటి పలక పెచ్చులా ఊడిపడగానే
లోపలి పలక భగ్గుమంది.
ఆ సాయంత్రం ఆమె కారులో చాలాసేపు కూర్చుంది,
ఇంజను వెయ్యకుండా.

ఇది కొత్త జిగురు.
గ్యాసు తిప్పాను.

మొదటి పది నిమిషాలు మంట తనదే రాజ్యమనుకుంది.
కట్టె చిటపటలాడింది,
ఎండిన చెరువు అడుగులా నల్లగా నెర్రెలిచ్చింది.
ఆ తర్వాత
కాలిన బొగ్గే కాలని కట్టెకు దుప్పటి అయింది.
నిమిషానికి మిల్లీమీటరులో మూడింట రెండు పాళ్ళు,
అంతకన్నా లోతుకి తొందరపడదు నిప్పు.
హిల్కా లెక్క అది. గడియారంతో పాటు పెదవులు కదుపుతోంది.

అరవై. ఎవరూ మాట్లాడలేదు.
అరవై రెండు.
అరవై మూడు అనగానే ఆమె పెన్ను మూత కొరకడం మానేసింది.

తౌనో లేచి గోడ వెనక్కి వెళ్ళాడు.
అటు వెయ్యి డిగ్రీలు.
ఇటు అరచెయ్యి ఆనించాడు, తర్వాత చెంప.
"చల్లగా ఉంది" అన్నాడు,
ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

తొంభయ్యో నిమిషంలో ఆర్పి, తడిపి, రంపం పెట్టాను.
అరవై మిల్లీమీటర్ల బొగ్గు,
దాని వెనక గోరంత మందాన గోధుమరంగు చార,
ఆపైన తెల్లటి కట్టె, నార చెదరకుండా.
షెడ్డంతా పచ్చి బంక వాసన.
తౌనో బొటనవేలితో ఆ అంచు నొక్కి చూశాడు.
"చేవ ఉంది" అన్నాడు. మరేమీ అనలేదు.

రాత్రి రిపోర్టు.
ఘనమీటరుకి ముప్పావు టన్ను బొగ్గుపులుసు వాయువు,
ఎనభై ఏళ్ళు గాలిలోంచి తాగి దాచుకున్నది.
సిమెంటు, ఉక్కు ఎంత తగ్గాయో ఒక గడి.
రంపపు మిల్లు, లారీలు, జిగురు, మరో గడి.
నా కొలిమి తాగిన గ్యాసు కూడా రాయమన్నాను;
నవ్వింది, రాసింది.
చివరి గడి: కూల్చాక ఏమవుతుంది?
మళ్ళీ దూలమవుతుందా, పొయ్యిలోకి పోతుందా,
గుంతలో పడి కుళ్ళుతుందా?
మేనేజరు అక్కడ సున్నా వెయ్యమన్నాడు.
హిల్కా "తెలియదు" అని రాసింది.
నరికిన చోట నాటిన మొక్క ఇప్పుడు మోకాలెత్తు.
ఆ అప్పు తీరాలంటే ఇంకా డెబ్బై శీతాకాలాలు.

"నిప్పు అరుచుకుంటూ వస్తుంది" అంది దీపం ఆర్పుతూ,
"నాకు భయం స్నానాల గది పైపు కింద చుక్క.
అది తలుపు తట్టదు."
రేపటినుంచి తేమ పరీక్షలు.

తౌనో అంతకు ముందే వెళ్ళిపోయాడు.
వెళ్తూ కోసిన ముక్క ఒకటి అడిగాడు,
ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు.
కోటు లోపల, చొక్కాకి ఆనించి పెట్టుకున్నాడు.
మసి అంటుతుందని చెప్పబోయి ఊరుకున్నాను.
మంచులో అతని అడుగులు,
ఎడమది కొంచెం కురచ.