అరికాలికి అందే కబురు

మూడింటికి చీమకుర్తిలో కొండ పేలుతుంది.
అంతకు కాస్త ముందు మా ఇంట్లో
గెలాక్సీ వెనక్కాలితో నేలని ఒక్క దెబ్బ కొడుతుంది.
నాకు సైరను వినపడదు.
ముప్ఫై ఏళ్ల కంప్రెసరు నా చెవుల్ని ఎప్పుడో తినేసింది.
ఆ దెబ్బ మాత్రం
గచ్చు మీదుగా వచ్చి అరికాలికి తగులుతుంది.
నన్ను వెనకనించి పిలవగలిగింది
ఈ ఇంట్లో అదొక్కటే.

గెలాక్సీ అంటే మా కుందేలు.
నల్లటి ఒంటి మీద బంగారు నలకలు,
మా క్వారీ రాయి లాగే.
పేరు కెజియా పెట్టింది,
తన పెదాల మీద చదువుకున్నాను.

తెచ్చిన కొత్తలో పొట్ట కింద చెయ్యేసి ఎత్తాను.
తన్ని, దూకి, సాయంత్రం దాకా
నాకు వీపు పెట్టి కూర్చుంది.
మార్తమ్మ నవ్విందని భుజాలు చెప్పాయి.
తర్వాత ఏదో అంది,
నేను గోడకేసి చూస్తున్నాను, దొరకలేదు.

చెవులు వీపుకి అంటించి బిగిస్తే
దగ్గరికి రావద్దని.
ఒళ్లంతా వదిలేసి దబ్బున పక్కకి పడితే
చచ్చిపోవడం కాదు, నమ్మడం.
మొదటిసారి చూసి కేకేశాను,
నా కేక ఎంత పెద్దదో నాకే తెలియదు.
గడ్డం దేనికి రాస్తే అది దానిది:
బల్ల కాలు, చీపురు,
ఒకనాడు రాతిపొడి నిండిన నా బూటు.

దవడ కింద వేలు పెడితే
ఇసుక జారినట్టు పళ్లు సన్నగా కదుల్తాయి,
సుఖంగా ఉందన్నమాట.
సూది గుచ్చినా తెలియని వేళ్లు నావి.
అదెలా తెలుస్తుందో మరి.

రోహిణి కార్తెలో ఒకరోజు కొత్తిమీర ముట్టలేదు.
మూలకి ముద్దగా ముడుచుకుంది.
వేలి కింద పళ్లు గరగర,
రాడ్డు బండలో ఇరుక్కున్నప్పటి వణుకు.
బుట్టలో పెట్టుకుని ఒంగోలు బస్సెక్కాం.
గిత్తల్ని చూసే డాక్టరు
కాగితం మీద రాశాడు: అరిచిందా?
అరవదండీ, అన్నాను.
చెప్పింది.

నాలుగో రోజుకి గాల్లోకి ఎగిరి
నడుం మెలితిప్పి దిగింది, ఊరికే.

నిన్న రాత్రి మార్తమ్మ
వీపు నాకు పెట్టి అంట్లు తోముతోంది.
భుజాలు నవ్వడం లేదు.
ఏమైందని అడగలేదు, చెయ్యి వెయ్యలేదు.
పక్కన నేల మీద కూర్చున్నాను,
కొంచెం ఎడంగా.
రెండు గిన్నెలయ్యాక
ఇటు తిరిగింది,
పెదాలు దీపానికి కనపడేలా.