బైండింగుకొచ్చిన రష్యా కథలు

తహసీన్ మేడం తెచ్చిచ్చిన పుస్తకం
మట్టెవాడల మా దుకాణంల మూడ్రోజులున్నది.
అట్ట లేదు. వీపు దారాలు ఊడినయి.
చెదలు ఒక మూల నుంచి లోపలికి
గల్లీ కోసుకుంట పోయినయి.
రష్యా కథలు, తెలుగుల.
పెండ్లిల్లు, ప్రేమలు, స్టేషన్లల్ల ఎడబాట్లు.

ఓదెలు కుట్టుపని పట్టిండు.
నేను స్టవ్వు మీద మైదా లై కలుపుకుంట
విడి ఫారాలు వరుస వెట్టుకుంట
చదివి వినిపిచ్చిన.
ఆయన కండ్లద్దాలు సూదికే సరిపోతయి,
అచ్చరాల దాకా రావు.

పేర్లు గూడ్సుబండి లెక్క పొడుగు,
ఇంజను పోయి గార్డు డబ్బా వచ్చేదాక
ఊపిరి బిగవట్టాలె.
సమోవార్ అంటే ఏందే అన్నడు.
చౌరస్తల ఇరానీ హోటల్ బాయిలర్ అసొంటిదే,
ఇంట్లనే వెట్టుకుంటరు అన్న.
"ఇంట్లనే చాయ మరుగుతుంటే
మొగోడు ఇల్లిడిసి ఎందుకు పోతడు?"
పోతడు, నాలుగో పేజీలనే పోతడు అన్న.

మంచు గురించి మాత్రం అడగలే.
మంచు నాకు తెలుసు.
లగ్గానికి ముందు మూడు సీజన్లు
ఎనుమాముల కాడ జిన్నింగు మిల్లుల చేసిన.
కార్తీకం నుంచి శివరాత్రి దాక దూది ఎగిరి
రేకుల మీద, లారీల టార్పాలిన్ల మీద,
మా కనురెప్పల మీద వాలేది.
కరగని మంచు. సల్లగ కూడ ఉండదు.
గొంతులవడితే రాత్రంత దగ్గు.

ఆరో కథల ఒకామె.
పెండ్లయినామె. గుర్రబ్బండి కాడ నిలవడ్డది.
మొగడు కానాయన ఒకాయన
ఆమె కోటు కాలరు మీది మంచును
చేతితొడుగు ఇప్పి, ఉత్త వేళ్ళతోని దులిపిండు.
అంతే. ఒక్క మాట లేదు.

ఆడ నా గొంతు ఆగింది.
లై అడుగంటిందేమొ అని స్టవ్వు దిక్కు చూసిన.
అడుగంటలే.
కాంటా కాడ చిట్టీలు రాసే పిలగాడు ఒకడుండె.
పేరు చెప్ప, ఇప్పుడేం చేసుకుంటం పేరు.
షిఫ్టు దిగినంక నా కొప్పులకెల్లి దూది
ఒక్కొక్క పోగే తీసేటోడు,
లెక్క తప్పితే మల్ల మొదటి నుంచి.

పేజీ తిప్పిన. పేజీ లేదు.
కథ ఆఖరాకు చినిగిపోయింది,
అవుతల వేరే కథ, వేరే ఊరు, ఎవరిదో లగ్గం.

"ఏమైందే ఆమె?" ఓదెలు అడిగిండు.
"ఇంటికి పోయింది" అన్న. చదివినట్టే అన్న.
"బండి మర్లిచ్చుకొని పోయింది.
మొగడు తలుపు తీసిండు.
దీపం ముంగట కోటు ఇప్పింది.
ఆయనకు తెల్వదు."

సూది ఆగింది.
దారానికి మైనం రుద్దిండు,
రుద్దిన దారానికే మల్ల రుద్దిండు.
"తెలిసే ఉంటది" అన్నడు.
"కోటంత తడిసి
ఒక్క కాలరే పొడిగ ఉంటే తెల్వదా."

పద్దెనిమిదేండ్ల సంసారం మాది.
నేను మాట్లాడలే. ఆయన చూడలే.
బయట ఆటో ఒకటి హన్మకొండ, హన్మకొండ అని
పిలుచుకుంట పోయింది, ఎవరూ ఎక్కలే.

శుక్రవారం మేడం వచ్చింది.
నీలి క్యాలికో అట్ట, మూలలకు తోలు.
తిప్పి తిప్పి చూసి
నడిమిట్ల ఈ తెల్లకాయితం ఏందని అడిగింది.
"ఆడ ఆకు పోయిందమ్మ, జాగ ఇడిసిన" అన్నడు.
నూట ఇరవై తీసుకున్నడు.
వెయ్యి పుస్తకాలు కోసిన చెయ్యి,
ఆ ఒక్క కాయితం అంచు వంకర పోయింది.
మేడం చూడలే.

ఆ రాత్రి అన్నం తినుకుంట
నా కొప్పు మీద కాయితం పొట్టు ఉన్నదన్నడు.
ఏడ? అన్న.
ఆడ్నే, కుడిదిక్కు అన్నడు. చెయ్యి ఎంగిలున్నది.
నేను దులుపుకోలే.
గిన్నెలు కడిగి, తలుపు గొళ్ళెం వెట్టి,
పండుకునేదాక అట్లనే ఉన్న.